ముత్తుకూరు తీరంలో ఇంటర్నెట్ ఫోను: ఇళ్ళు, చిన్న వ్యాపారాలు

మాటను అంకెలుగా మార్చి, చిన్న ప్యాకెట్లుగా విడగొట్టి, ఇంటర్నెట్ నడిచే దారిలోనే అవతలి మనిషికి చేర్చే ఏర్పాటును ఇంటర్నెట్ ఫోను అంటారు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు లాంటి చోట ఇది మూడు రూపాల్లో ఉంటుంది. ఫైబర్ కనెక్షన్‌తో పాటు వచ్చే ల్యాండ్‌లైన్ మొదటిది. వాడేవాళ్ళలో చాలామంది దాన్ని పాత ఫోనే అనుకుంటారు. వాట్సాప్ లాంటి యాప్‌లో నడిచే కాల్ రెండోది. లారీ ఆఫీసు, నర్సింగ్ హోం, రొయ్య పిల్లల హేచరీ వంటి చోట్ల ఒకే నంబరుకు వచ్చిన కాల్‌ను నలుగురైదుగురికి పంచే ఎక్స్‌చేంజి మూడోది. లోపలి పనితీరు మూడింటికీ ఇంచుమించు ఒకటే. చట్టంలో వాటి స్థానం, నంబరు, కరెంటుతో ముడి మాత్రం వేరువేరు.

కృష్ణపట్నం పోర్టు ఈ మండలంలోనే ఉంది. 2008లో అది మొదలైనప్పటి నుంచి ఇక్కడి బతుకు తీరు మారింది. నేలటూరు దగ్గర శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం, పంటపాళెం వైపు వంటనూనె ఫ్యాక్టరీలు, ముత్తుకూరులో మత్స్య శాస్త్ర కళాశాల, వాటి చుట్టూ రొయ్యల చెరువులు. పెద్ద సంస్థలకు సొంత టెలిఫోన్ ఏర్పాట్లు ఉంటాయి. వాటిని నమ్ముకున్న చిన్న వ్యాపారాల సంగతి వేరు. క్లియరింగ్ ఏజెంటు, వేబ్రిడ్జి, మేతల దుకాణం, ఐసు ఫ్యాక్టరీ, టైర్ల షాపు, ఇవన్నీ రాత్రీ పగలూ ఫోను మోగాల్సిన చోట్లు. అర్ధరాత్రి చెరువులో ఏరేటర్లు ఆగితే నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారేసరికి పంటంతా తేలిపోవచ్చు. ఏరేటర్లు ఆగేది ఎక్కువగా కరెంటు పోయినప్పుడే. ఆ ఘడియలో ఫోను పనిచేస్తుందా లేదా అన్నదే ఈ తీరంలో ఇంటర్నెట్ ఫోనును తూచే అసలు గీటురాయి.

ముందు పనితీరు. మనిషి గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లతో రాస్తే సెకనుకు 64 కిలోబిట్లు అవుతుంది. 1972లో స్థిరపడిన జీ.711 అనే పద్ధతి ఇది, నేటికీ ల్యాండ్‌లైన్ నాణ్యతకు కొలబద్ద. ఈ అంకెలను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా చేస్తే ఒక్కో ముక్క 160 బైట్లు. దాని మీద చిరునామా, వరుస సంఖ్య వంటి వివరాలు మరో 40 బైట్లు చేరతాయి. అలాంటి ప్యాకెట్లు సెకనుకు 50 వెళతాయి. అంటే ఒక కాల్‌కు ఒక్కో దిక్కున 80 కిలోబిట్లు, గంటసేపు మాట్లాడితే రెండు దిక్కులూ కలిపి 72 మెగాబైట్లు. జీ.729 వంటి కుదింపు పద్ధతిలో ఇందులో మూడో వంతు కూడా పట్టదు. ఎవరు ఎవరికి ఫోను చేస్తున్నారు, ఎక్కడ మోగించాలి, ఎప్పుడు పెట్టేశారు అన్న సంగతులను సిప్ అనే ఒప్పందం చూసుకుంటుంది. అది 1999లో మొదట వచ్చి, 2002లో ఇప్పటి రూపం పొందింది. గొంతు మోసే ప్యాకెట్ల దారి మాత్రం వేరే.

ఈ లెక్క చూస్తే ఇంటర్నెట్ ఫోనుకు వేగం పెద్ద సమస్య కాదని తేలిపోతుంది. 30 మెగాబిట్ల ప్లాన్‌లో ఒక కాల్ వాటా ఏ మూలకూ రాదు. మాట తెగి తెగి రావడానికి కారణం ఆలస్యం, ప్యాకెట్లు ఎగుడుదిగుడుగా చేరడం, కొన్ని దారిలోనే పోవడం. ఒకరి నోటి నుంచి మరొకరి చెవికి 150 మిల్లీసెకన్లలోపు మాట చేరితే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం చెబుతుంది. 400 దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోతుంటారు. దుకాణంలో సీసీ కెమెరాల రికార్డు అంతా అదే లైన్ మీద పైకి ఎక్కుతూ ఉంటే, డౌన్‌లోడ్ ఎంత బాగున్నా కస్టమర్‌కు ఇవతలి మాట గరగరమంటుంది. రౌటర్‌లో కాల్ ప్యాకెట్లకు మొదటి ప్రాధాన్యం ఇచ్చే ఏర్పాటు ఉంటే దాన్ని ఆన్ చేయించుకోవాలి. ఆఫీసు ఫోన్‌ను వైఫై మీద కాకుండా కేబుల్‌తో కలపాలి. ఈ రెండు పనులతో చాలా ఫిర్యాదులు తీరిపోతాయి.

కరెంటు విషయం ఇంత తేలిగ్గా తెమలదు. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కు ఇంట్లో ప్లగ్గు అక్కరలేదు. ఎక్స్‌చేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు అదే తీగ మీద ఇంటిదాకా వచ్చేది, ఊరంతా చీకటైనా ఫోను మోగేది. తీగ బాగు, బ్యాటరీ బాగు, గంట మోగడం, అన్నీ టెలిఫోన్ శాఖ బాధ్యతే. ఫైబర్ గాజు తీగ. అది వెలుగును మోస్తుంది, కరెంటును మోయదు. ఇంట్లో గోడకు బిగించిన చిన్న పెట్టె ఆ వెలుగును మళ్ళీ మాటగా మారుస్తుంది, ఫోను తీగ దాని వెనకే గుచ్చుతారు. ఆ పెట్టెకు 12 వోల్టుల అడాప్టర్ కావాలి. ఇంట్లో కరెంటు పోతే పెట్టె ఆగిపోతుంది, ఫోను మూగబోతుంది. ఒకనాడు ఎక్స్‌చేంజి మోసిన బాధ్యతను ఇంటర్నెట్ ఫోను ఇంటి యజమాని నెత్తిన, దుకాణదారు నెత్తిన పెట్టింది. ఈ మార్పును కనెక్షన్ ఇచ్చేవాళ్ళు విడమరిచి చెప్పాలి. చౌక ధర గురించి చెప్పినంత గట్టిగా దీన్ని చెప్పడం అరుదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే సరిపోతుందా? సగం సరిపోతుంది. ఇంటి నుంచి కేబుల్ ఆపరేటర్ గదిదాకా ఉండే ఫైబర్‌కు, మధ్యలో దాన్ని చీల్చే డబ్బాలకు కరెంటు అక్కరలేదు, అది ఈ పద్ధతిలో ఉన్న పెద్ద మేలు. ఆపరేటర్ గదిలోని యంత్రానికి మాత్రం కావాలి. అక్కడి బ్యాటరీ రెండు గంటల్లో అయిపోతే ఊరిలో ఎన్ని ఇన్వర్టర్లు ఉన్నా లాభం లేదు. కనెక్షన్ తీసుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న నెలకు ఎంత అన్నది కాదు. కరెంటు పోయాక మీ గదిలో యంత్రం ఎన్ని గంటలు నడుస్తుంది, జనరేటర్ ఉందా అన్నది.

రాష్ట్రంలో ఈ ఫోను పల్లెలదాకా వచ్చిన తీరులోనే ఈ బలహీనత దాగి ఉంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ సుమారు 24 వేల కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్‌ను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగింది. తవ్వకాల ఖర్చు, అనుమతుల జాప్యం తప్పాయి కనుకే పని అంత వేగంగా సాగింది. 2016 డిసెంబరు 29న అప్పటి తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో మొదటి విడత ప్రారంభమైంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, టెలిఫోన్ మూడూ కలిపి ఇస్తామన్నది అప్పటి మాట. తర్వాత ప్లాన్లు, ధరలు మారాయి. పల్లెటూరి ఇంటికి ఇంటర్నెట్ మీద నడిచే ల్యాండ్‌లైన్‌ను మామూలు వస్తువుగా చేసిన ఘనత మాత్రం ఆ పథకానికి ఇవ్వక తప్పదు. అయితే తీరంలో స్తంభం పడితే కరెంటు, ఇంటర్నెట్, ఫోను ఒకేసారి పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలో ఎన్ని స్తంభాలను కూల్చిందో రాష్ట్రం చూసింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను నెల్లూరు తీరాన్ని రాసుకుంటూ పోయి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. ముత్తుకూరుకు ఇలాంటి తుఫాను వస్తుందా అని కాదు, ఎప్పుడు వస్తుందా అనే చూడాలి.

బీఎస్‌ఎన్‌ఎల్ కూడా రాగి తీగలను వదిలి ఫైబర్‌కు మారుతోంది. స్థానిక కేబుల్ ఆపరేటర్ల భాగస్వామ్యంతో కనెక్షన్లు ఇస్తోంది. 0861తో మొదలయ్యే పాత నంబరును ఫైబర్ మీదకు తెచ్చుకునే అవకాశం ఉంది. జియో ఫైబర్ 2019 సెప్టెంబరు 5న వాణిజ్యపరంగా మొదలైంది, అందులోనూ ల్యాండ్‌లైన్ కలిసే వస్తుంది. 2006 ప్రాంతంలో దేశంలో 4 కోట్లు దాటిన ల్యాండ్‌లైన్లు 2020 నాటికి సగానికి పడిపోయాయి. ఫైబర్ వచ్చాక 2024 నాటికి మళ్ళీ 3 కోట్లు దాటాయి. ఫైబర్ చేరని చెరువు గట్లకు 5జీ మీద నడిచే ఎయిర్‌ఫైబర్ సేవలు 2023లో వచ్చాయి. వాటితోనూ ఫోను పెట్టుకోవచ్చు. అయితే అక్కడ టవర్ బ్యాటరీ కూడా లెక్కలోకి వస్తుంది.

ఇతర దేశాలు ఈ బ్యాటరీ ప్రశ్నను నియమాలతో ఎదుర్కొన్నాయి. అమెరికాలో కమ్యూనికేషన్ల కమిషన్ 2015లో ఒక నిబంధన తెచ్చింది, అది 2025 దాకా అమల్లో ఉంది. ఇంటర్నెట్ ల్యాండ్‌లైన్ ఇచ్చే కంపెనీ, వినియోగదారు కోరితే 8 గంటలు నడిచే బ్యాటరీని అమ్మాల్సి ఉండేది; మూడేళ్ళలో 24 గంటల బ్యాటరీ కూడా అందుబాటులో ఉంచాల్సి ఉండేది. బ్రిటన్‌లో పాత తీగ ఫోన్లను పూర్తిగా ఆపేసే గడువు 2025 డిసెంబరు నుంచి 2027 జనవరికి జరిగింది. వృద్ధులు, మెడలో అలారం వేసుకునే రోగులు ఉన్న ఇళ్ళ గురించిన ఆందోళనే ఆ వాయిదాకు ముఖ్య కారణం. ల్యాండ్‌లైన్ తప్ప వేరే దారిలేని ఇంటికి, కరెంటు పోయాక కనీసం ఒక గంట అత్యవసర కాల్ చేసుకునే వీలు ఉచితంగా కల్పించాలని అక్కడి నియంత్రణ సంస్థ చెప్పింది. తుఫాను తీరానికి గంట చాలదు, కానీ బాధ్యతలో కంపెనీకీ వాటా ఉందన్న సూత్రం సరైనది. మన దగ్గరా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇలాంటి నియమం తేవడం న్యాయం.

భారతదేశంలో చట్టం ఈ ఫోనును చాలాకాలం అనుమానంగానే చూసింది. ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. ఇంటర్నెట్ మీద మాట్లాడే మొదటి సాఫ్ట్‌వేర్‌ను ఇజ్రాయెల్ కంపెనీ వోకల్‌టెక్ అదే ఏడు అమ్మకానికి పెట్టింది. కానీ ఇక్కడ అనుమతి 2002 ఏప్రిల్ 1న గాని రాలేదు. విదేశీ కాల్స్‌పై వీఎస్‌ఎన్‌ఎల్ సంస్థ గుత్తాధిపత్యం ముగిసింది కూడా ఆ రోజే. ఆ అనుమతి కూడా సగమే. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు, ఇక్కడి కంప్యూటర్ నుంచి విదేశంలోని ఫోనుకు మాట్లాడవచ్చు. దేశంలోని మామూలు ఫోనుకు ఇంటర్నెట్ కంపెనీ కాల్ కలపరాదు. 2017 అక్టోబరు 24న ట్రాయ్ చేసిన సిఫార్సులు, 2018 జూన్‌లో టెలికాం శాఖ ఇచ్చిన వివరణ ఈ ముడి విప్పాయి. ఫోను సేవల లైసెన్సు ఉన్న కంపెనీ తన కస్టమర్‌కు యాప్ ద్వారా కాల్ ఇవ్వవచ్చు. ఆ కస్టమర్ వాడే ఇంటర్నెట్ ఏ కంపెనీదైనా ఫరవాలేదు. బీఎస్‌ఎన్‌ఎల్ అదే ఏడు జులైలో ఏడాదికి 1,099 రూపాయల రుసుముతో వింగ్స్ అనే సేవ ప్రకటించింది. 2019 చివర్లో, 2020 మొదట్లో ఎయిర్‌టెల్, జియో తెచ్చిన వైఫై కాలింగ్ కూడా ఈ దారిలోనిదే. సిగ్నల్ సరిగా అందని ఇంటి లోపలి గదిలో మొబైల్ కాల్ ఫైబర్ మీదుగా పోతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఒక్కసారి నొక్కితే సరిపోయే ఈ సౌకర్యానికి అదనపు రుసుము లేదు.

లైసెన్సు లేనివాళ్ళు చేసే పని వేరు. విదేశీ కాల్‌ను ఇంటర్నెట్ మీద తెచ్చి, పదుల కొద్దీ సిమ్‌లు దిగేసిన పెట్టెలో దించి, లోకల్ కాల్‌గా మోగించే అక్రమ ఎక్స్‌చేంజీలు హైదరాబాద్ సహా పలు నగరాల్లో పట్టుబడ్డాయి. దుబాయ్ నుంచి కొడుకు చేసిన కాల్ ఇంట్లోవాళ్ళకు ముక్కూమొహం తెలియని లోకల్ నంబరుతో కనబడితే అనుమానించాల్సింది దీన్నే. విదేశీ కాల్‌ను ఇక్కడ దించినందుకు కంపెనీలకు రావాల్సిన రుసుము ఎగ్గొట్టడం అందులోని లాభం. ఆ రుసుమును 2018 ఫిబ్రవరి 1 నుంచి నిమిషానికి 53 పైసల నుంచి 30 పైసలకు తగ్గించినప్పుడు ఈ దొంగ వ్యాపారాన్ని అరికట్టడం కూడా ఒక ఉద్దేశమే. ఇల్లో గదో అద్దెకిచ్చేవారు, సొంత పేరు మీద సిమ్‌లు తీసిచ్చేవారు ఈ కేసుల్లో ఇరుక్కుంటారు.

యాప్ కాల్స్ కథ సులువుగా చెప్పవచ్చు. స్కైప్ 2003లో వచ్చి 2025 మేలో మూతబడింది. వాట్సాప్ 2015లో మాట, 2016లో వీడియో కాల్స్ మొదలుపెట్టి తెలుగు ఇళ్ళన్నిటా చేరింది. అంతకుముందు అమెరికాలోని తెలుగువాళ్ళు వొనేజ్, మ్యాజిక్‌జాక్ వంటి కంపెనీల పెట్టెలు వాడేవారు. కొందరు ఆ పెట్టెనే నెల్లూరులోనో గుంటూరులోనో అమ్మానాన్నల ఇంటికి తెచ్చి బిగించేవారు, అమెరికా నంబరు ఇక్కడ మోగేది. యాప్‌కు రెండు హద్దులున్నాయి. అవతలివారి దగ్గర అదే యాప్ ఉండాలి, అవతలి దేశం దాన్ని ఒప్పుకోవాలి. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధం సడలించింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అనుమతి ఉన్న బోటిమ్ వంటివే నడుస్తాయి, అక్కడ వాట్సాప్ కాల్ కలవదు. గల్ఫ్‌కు వెళ్ళే మనిషి ఇంటివారికి బయల్దేరే ముందే అక్కడ నడిచే యాప్ నేర్పించి వెళ్ళడం మంచిది.

అత్యవసర కాల్స్ దగ్గర జాగ్రత్త మరింత కావాలి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ గాని, దేశమంతటికీ ఉన్న 112 గాని వాట్సాప్‌లో తగలవు. ఇంటి గోడకున్న ఫైబర్ ఫోనుకు చిరునామా కంపెనీ రికార్డులో ఉంటుంది. చేతిలోని యాప్ నంబరు ముత్తుకూరుదే అయినా మనిషి చెన్నైలో ఉండవచ్చు. అందుకే ట్రాయ్ 2017 సిఫార్సుల్లో అత్యవసర కాల్స్‌ను తప్పనిసరి చేయలేదు, ఈ లోటును కస్టమర్‌కు చెప్పాలని మాత్రం అంది. అమెరికాలో 2005లోనే అత్యవసర కాల్స్‌ను తప్పనిసరి చేశారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే మామూలు సిమ్ ఉన్న ఒక ఫోను ఛార్జింగ్‌తో ఎప్పుడూ ఉండాలి.

చిన్న వ్యాపారికి ఆస్తి లాంటిది నంబరు. లారీ వెనక రాసింది, బోర్డు మీద ఉన్నది, రైతులు పదేళ్ళుగా గుర్తుపెట్టుకున్నది అదే. మొబైల్ నంబరును కంపెనీ మారినా ఉంచుకునే హక్కు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఉంది. ల్యాండ్‌లైన్‌కు ఆ హక్కు లేదు. ఒక కంపెనీ ఇచ్చిన 0861 నంబరు ఆ కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. బోర్డు రాయించే ముందే ఈ సంగతి తలచుకోవాలి. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలన్న నియమం 2021 జనవరి 15న వచ్చింది. ఎక్స్‌చేంజిలో దాచిన పాత నంబర్లన్నీ అప్పుడు సరిచేయని ఆఫీసుల్లో కాల్స్ కలవవు.

ఒకే నంబరు మీద పలువురు మాట్లాడే ఏర్పాటు ఇదివరకు ఖరీదు. గోడకు ఎక్స్‌చేంజి పెట్టె, గదిగదికీ తీగలు, ఏటా మరమ్మతు ఒప్పందం. ఇప్పుడు ఆ పెట్టె పనిని ఎక్కడో ఉన్న సర్వర్ చేస్తుంది. హైదరాబాద్‌లో 2007లో మొదలైన ఓజోనెటెల్ వంటి కంపెనీలు, బెంగళూరు ఎక్సోటెల్ ఇలాంటి సేవలు ఇస్తాయి. హేచరీకి ఫోను చేసిన రైతుకు తెలుగులో పలకరింపు వినబడి, పిల్లల బుకింగ్‌కు ఒకటి, లెక్కలకు రెండు నొక్కమని చెప్పి, యజమాని మొబైల్‌కో గుమాస్తా మొబైల్‌కో కాల్ వెళుతుంది. ఎవరి కాల్ తీయలేదో సాయంత్రానికి పట్టీ వస్తుంది. ఇద్దరు మనుషులున్న దుకాణానికి ఇది అక్కరలేదు, మొబైల్, వాట్సాప్ బిజినెస్ చాలు. నలుగురికి మించి ఫోను తీసేవాళ్ళున్నప్పుడే నెలసరి రుసుము గిట్టుబాటు అవుతుంది. కాల్ సెంటర్లకు ఒకప్పుడు అవసరమైన టెలికాం శాఖ రిజిస్ట్రేషన్‌ను 2020 నవంబరులో, 2021 జూన్‌లో చేసిన మార్పులతో ఎత్తేశారు. ఎక్స్‌చేంజి పెట్టె దేశంలో ఎక్కడున్నా ఫరవాలేదన్నారు. సేవ ఇచ్చే కంపెనీకి లైసెన్సున్న ఆపరేటర్‌తో ఒప్పందం ఉందా అన్నది మాత్రం కొనేవారు అడిగి తెలుసుకోవాలి.

సొంతంగా ఇంటర్నెట్ ఎక్స్‌చేంజి పెట్టుకున్నవారికి దొంగల బెడద ఉంది. తేలిక పాస్‌వర్డ్ ఉన్న యంత్రాన్ని ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకుని, ఆఫీసు మూసిన రాత్రో ఆదివారమో దాని మీదుగా ఖరీదైన విదేశీ నంబర్లకు వందల కాల్స్ చేస్తారు. నెలాఖరు బిల్లు వచ్చేదాకా తెలియదు. ఐఎస్‌డీ అవసరం లేకపోతే ఆపరేటర్‌తో మూయించేయాలి, ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ పొడవైన వేరే పాస్‌వర్డ్ పెట్టాలి. ఇక ఫ్యాక్స్, ఫోను తీగతో నడిచే పాత కార్డు యంత్రం, పాత రకం అలారం ఇంటర్నెట్ లైన్ మీద సరిగా పనిచేయవు. కుదింపు పద్ధతి మనిషి గొంతుకు కుదురుతుంది, యంత్రాల కూతకు కుదరదు. తీగ మార్చే రోజునే వాటికి వేరే దారి చూసుకోవాలి.

ముత్తుకూరులో ఇంటికీ దుకాణానికీ ఫైబర్ ఫోను ధరలోనూ మాట స్పష్టతలోనూ రాగి తీగ కంటే మెరుగు, దాన్ని తీసుకోవడంలో సందేహం అక్కరలేదు. కానీ అది ఒక్కటే ఫోనుగా ఉండకూడదు. ఈ తీరానికి వానలు, తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. ఫైబర్ ఉన్న ప్రతి ఇంటివారూ, ప్రతి దుకాణదారూ సెప్టెంబరులోపే 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి కొని పెట్టెకు కలుపుకోవాలి. రెండు వేల రూపాయల లోపు దొరికేవి ఉన్నాయి. ఫైబర్ ఒక కంపెనీదైతే మొబైల్ సిమ్ మరో కంపెనీది పెట్టుకోవాలి. తర్వాత ఒక సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపి, ఫోను ఎంతసేపు బతికుందో గడియారం పెట్టి చూసుకోవాలి.